అక్రమముగా దొరకిన నిజము

నిజము ఎవరి నోట వచ్చినను నిజమే యనియు, బురదలో దొరకినంత మాత్రమున బంగారము ఇత్తడి కాజాలదనియు పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో యథార్థము లేకపోలేదు. అయితే ఆ బంగారమును తెచ్చినవాడు పొరుగింటి గోడకు కన్నము వేసి తెచ్చెనని తెలిసినప్పుడు, దానిని పుచ్చుకొని పెట్టెలో దాచుకొనుట గృహస్థునకు మర్యాద యగునా? అట్లే నేరస్థుని పట్టుకొనవలసిన పోలీసు ఉద్యోగియే చట్టమును మీరి ఒక సాక్ష్యమును సంపాదించినచో న్యాయస్థానము దానిని గ్రహింపవచ్చునా, లేక త్రోసివేయవలెనా? ఈ సందేహము పెక్కు దేశముల న్యాయమూర్తులను చిరకాలముగా బాధించుచున్నది.

ఇది న్యాయవాదులు వాదించుకొనవలసిన సంగతి గాని, ఇల్లు చక్కబెట్టుకొను మనకేల యని కొందరు తలపవచ్చును. కాని రహదారిపై పోవు బండ్లలో ప్రయాణము చేయువారు ఎవరు? పుట్టింటికి పోవు కోడలు, పరీక్షకు పోవు కూతురు, ఆసుపత్రికి పోవు తల్లి. ఏ కారణమును లేక ఆ బండిని ఆపి, వారి చేతిసంచులను విప్పి చూపుమనిన నాడు ఈ సందేహము ఇంటివారిదే యగును. కావున దీనిని గూర్చి మనమును కొంత తెలిసికొనుట మేలు.

మొదట కెనడా దేశమున జరిగిన యొక వ్యవహారమును చెప్పెదను. 2004వ సంవత్సరము అక్టోబరు నెలలో అంటారియో రాష్ట్రమందు కిర్క్‌లాండ్ లేక్ అను ఊరికి చేరువనున్న రహదారిపై ఒక పోలీసు ఉద్యోగి కావలి తిరుగుచుండెను. ఎదురుగా వచ్చుచున్న పెద్ద మోటారు బండికి ముందువైపున నంబరు పలక లేకుండుట చూచి, దానిని ఆపుటకై తన కారుపై నుండు దీపములను వెలిగించెను. అంటారియో బండ్లకు రెండు వైపులను పలకలుండవలెనని నియమము. కాని యీ బండి ఆల్బెర్టా రాష్ట్రమున నమోదైనదనియు, ఆ రాష్ట్రమున ముందు పలక అక్కరలేదనియు అతడు వెంటనే గ్రహించెను. అనగా నడుపువాని యందు తప్పేమియు కానరాలేదు. చేయి ఊపి పొమ్మనిన సరిపోవును. కాని దీపములు వెలిగించిన తరువాత వదలివేసినచో చూచువారి కన్నులలో పోలీసుల గౌరవము తగ్గునని తలచి, అతడు బండిని ఆపియే తీరెను.

పిమ్మట నడుపువాని లైసెన్సు నిలుపుదల చేయబడియున్నదని తెలియవచ్చెను. ఉద్యోగి వానిని నిర్బంధించి, ఆ లైసెన్సు కాగితమును వెదకెదనను మిషతో బండినంతయు సోదా చేసెను. వెనుక భాగమున రెండు అట్టపెట్టెలుండెను. వానిలో 35 కిలోల కొకెయిన్ బయటపడెను. కొకెయిన్ అనగా మనుష్యుని మత్తునకు దాసునిగా జేసి క్రమముగా నాశనము చేయు విషద్రవ్యము. 35 కిలోలనగా ఎన్ని కుటుంబముల కన్నీరో పాఠకురాండ్రే ఊహించుకొందురు గాక.

విచారణ చేసిన న్యాయాధిపతి, బండిని ఆపుటయు సోదా చేయుటయు రెండును అక్రమములే యనెను. న్యాయస్థానమున ఆ ఉద్యోగి చెప్పిన సాక్ష్యము సైతము నమ్మదగినది కాదని తెలిపెను. అయినను దొరకిన సరకు అంతటి ఘోరమైనది కాబట్టి దానిని సాక్ష్యముగా గ్రహించి శిక్ష విధించెను. పై న్యాయస్థానమున అధికసంఖ్యాకులు అందులకు సమ్మతించిరి. కడకు ఆ వ్యవహారము దేశపు సుప్రీంకోర్టునకు చేరెను. 2009వ సంవత్సరము జూలై 17వ తేదీన ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు ఏకమై ఆ సాక్ష్యమును త్రోసివేసి ముద్దాయిని విడుదల చేసిరి. తీర్పు వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన బెవర్లీ మక్‌లాక్లిన్ అను విదుషీమణి. ఇదియే హారిసన్ కేసు అని ప్రసిద్ధి కెక్కినది.

ఈ వృత్తాంతము వినినంతనే తల్లులకు కోపము వచ్చుట సహజము. విషము చేతికి చిక్కినది. తెచ్చినవాడు కన్నులయెదుట నున్నాడు. అయినను వానిని వదలివేయుటా? ఇది ధర్మమా యని అడుగకమానరు. ఆ కోపము తేలికగా త్రోసివేయదగినది కాదు. అమెరికా దేశమున మహాపండితుడని పేరుపొందిన కార్డోజో అను న్యాయమూర్తి 1926వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్ర న్యాయస్థానమున ఇట్టి ప్రశ్ననే వేసెను. కావలివాడు పొరపాటు చేసినందుకు దొంగను విడిచిపుచ్చుట ఏమి న్యాయమని అతని భావము. తప్పు చేసిన ఉద్యోగిని వేరుగా శిక్షింపుడు, నేరము చేసిన ముద్దాయిని వేరుగా శిక్షింపుడు, ఒకని తప్పు వేరొకని తప్పును కడిగివేయదు అని ఈ పక్షమువారి వాదము. వినుటకు ఇది మిక్కిలి సమంజసముగా తోచును.

ఈ వాదము ప్రకారమే నడచినచో ఏమగునో తెలియుటకు మరియొక వ్యవహారమును జూడవలెను. 1950 ప్రాంతమున కెన్యా దేశము ఆంగ్లేయుల పాలనలో నుండెను. అచ్చట తిరుగుబాటు చెలరేగుటచే ప్రభుత్వమువారు అత్యవసర శాసనములను అమలు జరుపుచుండిరి. కురుమా అను కూలివాడు ఒకడు సెలవు దినమున సైకిలుపై తనవారిని చూడబోవుచుండెను. అతడు పోదగిన దారులు రెండుండగా పోలీసులు అడ్డుగట్టి సోదా చేయుచున్న దారినే పట్టెను. అచ్చట వానిని ఆపి వెదకగా రెండు తుపాకి గుండ్లును ఒక చిన్న కత్తియు దొరకినవని పోలీసులు చెప్పిరి. శాసనము ప్రకారము అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు గాని, అంతకు పై అధికారి గాని మాత్రమే అట్టి సోదా చేయవలెను. వెదకినవారు ఆ హోదా గలవారు కారు. చూచితిమని ముగ్గురు చెప్పిన కత్తిని న్యాయస్థానమున చూపనేలేదు. అయినను ఆ రెండు గుండ్ల కొరకు కురుమాకు మరణదండన విధింపబడెను.

లండనులోని ప్రీవీ కౌన్సిలునకు అప్పీలు పోయెను. 1955 నాటి న్యాయనివేదికలలో చేరిన ఆ తీర్పునందు లార్డ్ గొడార్డ్ చెప్పిన సారమిది: సాక్ష్యము వివాదమునకు సంబంధించినదా కాదా యని చూడవలెను గాని, అది యెట్లు సంపాదింపబడెనో న్యాయస్థానమునకు పనిలేదు. ముద్దాయికి మిక్కిలి అన్యాయము జరుగునని తోచినచో న్యాయాధిపతి తన విచక్షణచే సాక్ష్యమును నిరాకరింపవచ్చును. సాధారణముగా మాత్రము గ్రహింపవలసినదే. 1861వ సంవత్సరముననే క్రాంప్టన్ అను ఆంగ్ల న్యాయమూర్తి, దొంగిలించి తెచ్చిన సాక్ష్యమైనను చెల్లునని చెప్పియుండెను. అప్పీలు కొట్టివేయబడెను. అయితే ఆ వ్యవహారమున తమకు విపరీతముగా తోచిన కొన్ని సంగతులను మంత్రి దృష్టికి తెచ్చుచున్నామని కౌన్సిలువారే చెప్పవలసివచ్చెను. చట్టము చెల్లెననియు, మనస్సు మాత్రము ఒప్పుకొనలేదనియు దీని యర్థము కాదా?

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. ఒకచోట 35 కిలోల విషము దొరకియు మనుష్యుడు విడుదల యయ్యెను. మరియొకచోట రెండు గుండ్ల కొరకు మరణదండన పడెను. మొదటి దానిలో సరకు దొరకినదనుటకు సందేహము లేదు. రెండవ దానిలో సోదా చేసినవారి మాట తప్ప ఆధారము స్వల్పము. ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. సోదా ఏ హోదావారు చేయవలెను, ఏ విధమున చేయవలెను అను నియమములు ఊరక పెట్టినవి కావు. దొరకినదనబడు వస్తువు నిజముగా దొరకినదే గాని జేబులో పెట్టి తీసినది కాదని నమ్ముటకు ఆ నియమములే ఆధారము. నియమము తప్పిననాడు నిజమునందే అనుమానము ప్రవేశించును.

అయితే సరకు నిస్సందేహముగా దొరకినచోట గూడ దానిని త్రోసివేయుట యెందులకు? దీనికి సమాధానము మన ఇండ్లలోనే కలదు. ఒక పెద్ద ఇంట వెండిగిన్నె పోయినదనుకొందము. యజమానురాలు ఎవరిని అడుగక, పనికత్తెలు పదిమంది పెట్టెలను వారు లేని సమయమున విప్పించెను. పదవ పెట్టెలో గిన్నె దొరకెను. అందరును ఆమె తెలివిని మెచ్చుకొందురు. కాని తక్కిన తొమ్మిదిమంది మాటయేమి? వారి చీరల మడతలు విప్పబడినవి, వారి దాపరికములు బయటపడినవి, వారి మానము నలుగురిలో పోయినది. వారు ఎవరితో చెప్పుకొందురు? వారిపై నేరము లేదు గనుక పంచాయతీ లేదు; పంచాయతీ లేదు గనుక వారి మొర వినువారు లేరు. గిన్నె దొరకిన పెట్టె ఒక్కటియే కథగా మిగులును.

రహదారిపై జరుగునదియు ఇదియే. కారణము లేక ఆపబడిన బండ్లలో ఏమియు దొరకనిచో వానిని పొమ్మందురు. ఆ బండిలోని ఇల్లాలు అవమానమును దిగమింగుకొని ఇల్లు చేరును. ఆమె పేరు ఏ న్యాయస్థానపు గ్రంథములలోను ఎక్కదు. ఏదో దొరకిన బండి మాత్రమే న్యాయస్థానమునకు వచ్చును. కాబట్టి బండిని ఏల ఆపితివని ఉద్యోగిని గట్టిగా అడుగు సందర్భము న్యాయమూర్తికి తరచుగా నేరస్థుని విచారణలోనే లభించును. అచ్చట ‘దొరకినది గదా’ యని ఊరకున్నచో దొరకనివారికి జరిగిన అన్యాయమును అడుగు చోటు మిగులుట కష్టము. నేరస్థుని నిమిత్తముగా జేసికొని నిర్దోషులను కాపాడుటయే ఈ నియమమునందలి రహస్యము. హారిసన్ కేసు తీర్పునకు ప్రాణమును ఇట్టిదే. ఒక నేరస్థుడు తప్పించుకొనుట సమాజమునకు నష్టమే; కాని ప్రజల హక్కులను ఉద్యోగులు లెక్కచేయకపోవుటను న్యాయస్థానమే ఆమోదించినట్లయిన అంతకంటె పెద్ద నష్టమని ఆ న్యాయమూర్తులు తూచిరి.

వారు తూచిరి అనుట ఊరక వాడిన మాట కాదు. కెనడా దేశపు 1982 నాటి హక్కుల శాసనము, అక్రమముగా దొరకిన ప్రతి సాక్ష్యమును పారవేయుమని చెప్పదు. దానిని గ్రహించుట వలన న్యాయపాలనకే అపకీర్తి కలుగునా యని చూడుమనును. అందులకై సుప్రీంకోర్టువారు మూడు ప్రశ్నలను ఏర్పరచిరి. ఉద్యోగి చేసిన అతిక్రమణము ఎంత తీవ్రమైనది? దానివలన మనుష్యుని స్వేచ్ఛకును గౌరవమునకును ఎంత భంగము కలిగెను? నిజము తేలి విచారణ జరుగుట యందు సమాజమునకు ఎంత ప్రయోజనము కలదు? హారిసన్ తీర్పు వెలువడిన దినముననే గ్రాంట్ అను వేరొక కేసులో, టొరంటో వీధిలో అక్రమముగా ఆపబడిన యువకుని వద్ద దొరకిన తుపాకిని ఆ న్యాయస్థానమే సాక్ష్యముగా గ్రహించెను. అచ్చటి ఉద్యోగులు బుద్ధిపూర్వకముగా చట్టమును మీరినవారు కారని వారి అభిప్రాయము. ఒకే త్రాసు, రెండు తూనికలు, రెండు ఫలితములు.

ఇక అమెరికా మార్గము వేరు. ఆ దేశపు రాజ్యాంగమునకు 1791వ సంవత్సరమున చేర్చిన నాల్గవ సవరణ, కారణము లేని సోదాలనుండి ప్రజలకు రక్షణ నొసగెను. 1914వ సంవత్సరమున వీక్స్ అను కేసులో, వారంటు లేక ఇంటినుండి తీసికొనిపోయిన ఉత్తరములను సాక్ష్యముగా వాడరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ నియమము మొదట కేంద్ర ప్రభుత్వపు కేసులకు మాత్రమే వర్తించెను. దానిని రాష్ట్రములన్నిటికిని వ్యాపింపజేసినది ఒక స్త్రీ కేసు. 1957వ సంవత్సరమున క్లీవ్‌లాండ్ నగరమున డాల్రీ మాప్ అను ఆమె యింటికి పోలీసులు ఎవరినో వెదకుచు వచ్చిరి. వారంటు లేనిదే లోపలికి రానీయనని ఆమె ధైర్యముగా పలికెను. వారు తలుపు పగులగొట్టి ప్రవేశించి, ఒక కాగితమును చూపి ఇదే వారంటనిరి. ఆమె దానిని లాగికొని రవికలో దోపుకొనగా వారు బలాత్కారముగా లాగికొనిరి. ఆ వారంటు న్యాయస్థానమున ఎన్నడును దాఖలు కాలేదు. వెదకినవాడు దొరకలేదు గాని, వేరే యేవో పుస్తకములు దొరకినవని ఆమెపైననే నేరము మోపిరి. 1961వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఆ సాక్ష్యము చెల్లదని తీర్పు చెప్పెను.

ఇట్టి సాక్ష్యమునకు అచ్చటి న్యాయశాస్త్రమున ‘విషవృక్షఫలము’ అని పేరు. 1939వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టర్ అను న్యాయమూర్తి తన తీర్పులో ఆ పేరు పెట్టెను. వృక్షము విషమైనప్పుడు దాని ఫలమును తినరాదని భావము. 1979వ సంవత్సరమున ప్రౌజ్ అను కేసులో ఈ న్యాయము రహదారికి దిగివచ్చెను. డెలావేర్ రాష్ట్రమున ఒక ఉద్యోగి, వేరే పనియేమియు లేకుండుటచేత ఒక కారును ఆపెనట. నడుపువాడు ఏ నియమమును తప్పలేదు. కారు దగ్గరకు పోగానే గంజాయి వాసన వచ్చెను. క్రింద గంజాయియు కనబడెను. అయినను తోచినప్పుడెల్ల తోచిన బండిని ఆపు అధికారము ఉద్యోగికి లేదని ఎనిమిదిమంది న్యాయమూర్తులు చెప్పిరి. ఒక్కరు మాత్రము విభేదించిరి. అందరి బండ్లను ఒకే తీరున ఆపి పరిశీలించు పద్ధతిని మాత్రము వారు నిషేధింపలేదు. ఆపుట తప్పు కాదు. ఇష్టము వచ్చినవారిని ఏరి ఆపుట తప్పు అని తాత్పర్యము.

అయితే కాలక్రమమున ఈ నియమమునకు సందులు ఏర్పడినవి. 2016వ సంవత్సరమున స్ట్రీఫ్ అను కేసు వచ్చెను. యూటా రాష్ట్రమున ఒక ఇంటినుండి వెలుపలికి వచ్చిన మనుష్యుని తగిన కారణము లేక ఒక పోలీసు ఉద్యోగి ఆపి, పేరడిగి విచారింపగా, చిన్న ట్రాఫిక్ తప్పు విషయమై వానిపై పాత వారంటు ఒకటి నిలిచియున్నదని తెలిసెను. ఆ వారంటు పేర నిర్బంధించి వెదకగా మత్తుపదార్థము దొరకెను. ఆపుట అక్రమమే, కాని నడుమ సక్రమమైన వారంటు వచ్చినది గనుక అక్రమమునకును సాక్ష్యమునకును గల బంధము తెగిపోయెనని ఐదుగురు న్యాయమూర్తులు చెప్పిరి. విభేదించినవారు ముగ్గురు: సోటోమయోర్, గిన్స్‌బర్గ్, కేగన్. ముగ్గురును స్త్రీలే.

సోటోమయోర్ గారి భిన్నతీర్పునందలి ఒక సంగతి మనస్సునకు గట్టిగా నాటును. మిస్సూరి రాష్ట్రమున ఫెర్గూసన్ అను పట్టణమున జనసంఖ్య 21,000. వారిలో 16,000 మందిపై వారంటులు నిలిచియుండెనట. జరిమానా కట్టకపోవుట వంటి చిన్న కారణములకే యిట్టి వారంటులు పుట్టును. ఇట్టి ఊరిలో ఎవరిని ఆపినను వారంటు దొరకకుండునా? మొదట అక్రమముగా ఆపి, పిదప కారణము వెదకుకొనవచ్చునని ఉద్యోగికి తెలిసినచో కారణము లేక ఆపరాదను నియమము కాగితముపై మాత్రమే మిగులును. మన సామెతలో చెప్పవలెనన్న, కంచెయే చేను మేయుటకు దారి యేర్పడును. అయితే ఇందుచే స్త్రీలందరి అభిప్రాయము ఒక్కటే యని అనుకొనరాదు. కెనడా హారిసన్ కేసులో ఆరుగురితో విభేదించి, ఆ కొకెయిన్‌ను సాక్ష్యముగా గ్రహింపవలసినదే యన్న దెషాంప్ గారును స్త్రీయే. సమస్య అంతటి జటిలమైనది.

మన దేశమునకు వత్తము. మన న్యాయస్థానములు ప్రధానముగా కురుమా తీర్పు చూపిన త్రోవనే నడచుచున్నవి. పూరన్‌మల్ అను కేసులో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 1973వ సంవత్సరము డిసెంబరున, సోదాయందు అక్రమము జరిగినను దొరకిన సాక్ష్యమును రాజ్యాంగము గాని వేరొక చట్టము గాని నిషేధించియుండనిచో గ్రహింపవచ్చునని నిర్ణయించెను. కనుక మన రహదారిపై ఒక బండిని అక్రమముగా ఆపినంత మాత్రముననే అందు దొరకిన వస్తువు సాక్ష్యము కాకపోదు. దాని విలువ యెంతయో న్యాయమూర్తి తూచును.

అయినను మన చట్టము కొన్నిచోట్ల గీత గట్టిగా గీచినది. పోలీసు ఉద్యోగి యెదుట ముద్దాయి చేసిన ఒప్పుకోలును వానికి విరోధముగా రుజువు పరుపరాదను నియమము 1872 నాటి సాక్ష్య చట్టమున నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమునందును అది నిలిచియున్నది. మత్తుపదార్థములను గూర్చిన 1985 నాటి చట్టము ప్రకారము ఒకని ఒడలు సోదా చేయునప్పుడు, కోరినచో గెజిటెడ్ అధికారి యెదుటికి గాని మేజిస్ట్రేటు యెదుటికి గాని కొనిపోబడు హక్కు వానికి గలదు. ఆ హక్కును తెలియజేయకుండ సోదా చేసి, దొరకిన వస్తువు ఒక్కదానిపైననే ఆధారపడి శిక్ష వేసినచో ఆ శిక్ష నిలువదని 1999వ సంవత్సరమున బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనము చెప్పెను. 2017వ సంవత్సరమున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా, ఆంతరంగికత ప్రతి మనుష్యుని మూలహక్కేనని ప్రకటించిరి. పాత త్రోవను ఈ కొత్త వెలుగులో మరల చూడవలెనను వాదమునకు ఇది బలమిచ్చుచున్నది.

స్త్రీలు ముఖ్యముగా ఎరుగవలసిన నియమములు రెండు కలవు. స్త్రీని సోదా చేయవలసివచ్చినచో మరియొక స్త్రీయే, సభ్యతను గట్టిగా పాటించి చేయవలెను. ఇది పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడునందు నుండెను. 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితయందును గలదు. మత్తుపదార్థముల చట్టమునందును వేరుగా చెప్పబడినది. రెండవది, సోదాను, జప్తును దృశ్యశ్రవణ సాధనములచే చిత్రీకరింపవలెనని ఆ సంహితయే విధించుచున్నది. కావున త్రోవలో ఎవరైన పురుషోద్యోగి మన ఒడలు వెదకబోయినచో, స్త్రీ ఉద్యోగినిని పిలిపింపుడని నిదానముగా చెప్పుట ధిక్కారము కాదు. చట్టమును జ్ఞాపకము చేయుటయే. మరియు సమవస్త్రము ధరించిన పోలీసు అడిగినప్పుడు లైసెన్సు చూపుట నడుపువారి విధి. హక్కు ఎరిగినవారు విధిని మరువరాదు.

మన ప్రాచీనులు ఈ ప్రశ్నను ఇదే రూపమున చర్చింపలేదు. యాజ్ఞవల్క్యుడు లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములను మూడుగా చెప్పెను గాని, సోదాచేయు ఉద్యోగి అక్రమమును గూర్చి యచ్చట విచారింపలేదు. అయితే మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున, బలాత్కారముచే ఇచ్చినదియు, బలాత్కారముచే అనుభవించినదియు, బలాత్కారముచే వ్రాయించినదియు చేయనివాటితో సమానమని కలదు. అది ఋణములు, దస్తావేజులు మొదలగు వ్యవహారములను గూర్చినది; పోలీసు సాక్ష్యమును గూర్చినది కాదు. అయినను బలముచే పుట్టినదానికి ధర్మసభలో విలువ యుండరాదను భావము మనకు క్రొత్త గాదని దానివలన తెలియుచున్నది.

ఇక ఏ మార్గము మేలు? నేరము చేసినవాడు తప్పించుకొనుట ఎవరికిని ఇష్టము కాదు. ప్రతి చిన్న పొరపాటునకును సాక్ష్యమును పారవేసినచో విషము అమ్మువారికి పండుగ యగును. ప్రతి అక్రమమును క్షమించి సాక్ష్యమును గ్రహించినచో ఉద్యోగికి నియమమే లేకుండ పోవును. తప్పుచేసిన ఉద్యోగిని వేరుగా శిక్షింపవచ్చునను మాట వినుటకు బాగున్నను, కూలిపని విడిచి, వకీలును పెట్టుకొని పోలీసుపై దావా నడుపగల పేదరాలు ఎంతమంది? కావున పొరపాటునకును పొగరునకును భేదమెంచి, తెలియక చేసినదానిని మన్నించి, తెలిసి చేసినదానిని త్రోసివేయు కెనడావారి త్రాసు నా బుద్ధికి సమంజసముగా తోచుచున్నది. ఆ రహదారిపై బండిని ఆపిన ఉద్యోగికి తప్పు లేదని తెలియును; తెలిసియు తన గౌరవము కొరకు ఆపెను. చట్టమునకంటె తన గౌరవమును హెచ్చుగా నెంచిన ఆ క్షణమే ఆ సాక్ష్యమును చెరచినది.

సోదరీమణులారా! న్యాయస్థానము సాక్ష్యమును త్రోసివేసినదను వార్త చదివినప్పుడు, దొంగను వదలివేసిరని వెంటనే నిందింపకుడు. ఏ నియమము ఎట్లు తప్పబడెనో, అది పొరపాటో పొగరో మొదట విచారింపుడు. ఆ దినమున అదే త్రోవలో ఆపబడి, సంచులు విప్పి చూపి, ఏమియు దొరకక, ఎవరికిని చెప్పుకొనలేక ఇల్లు చేరిన నిర్దోషురాండ్రను ఒక్కసారి తలచుకొనుడు. ఆ తీర్పు వారి పక్షమున గూడ చెప్పబడినది.